నాలుగో పిలుపు

మా సందులో మర్యాదకి ఒక పద్ధతి ఉంది. ఎవరినైనా ఇంటికి పిలిస్తే మూడుసార్లు పిలవాలి. పిలిపించుకున్నవాళ్లు మూడుసార్లూ వద్దనాలి. ఒక్కసారి పిలిచి ఊరుకున్నవాడు పిసినారి. మొదటి పిలుపుకే గడప దాటినవాడు తిండిపోతు. ఈ పద్ధతి పుణ్యమా అని బీజింగ్ పాత సందుల్లో పొద్దున లేచింది మొదలు అందరూ అందరినీ గొంతు చించుకుని భోజనానికి పిలుస్తూనే ఉంటారు, ఎవరూ ఎవరింటికీ వెళ్లరు. పిలిచినవాళ్లకి పేరు దక్కుతుంది, పిలిపించుకున్నవాళ్లకి గౌరవం దక్కుతుంది, ఇద్దరి ఇళ్లలోనూ పిండి డబ్బాలు నిండుగానే ఉంటాయి.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. యాభై మూడేళ్లుగా ఇక్కడే ఉన్నాను, ఊహ తెలిసినప్పటి నుంచీ జనాన్ని పిలుస్తూనే ఉన్నాను. ఒక్కరూ రాలేదు. అందుకే గ్వాన్ పెదనాన్నని పిలిచినప్పుడు కూడా నాకు ఏ భయమూ వెయ్యలేదు.

గ్వాన్ పెదనాన్న మాకు చుట్టం కాదు. మా పక్క ఇంట్లో ఒంటి గదిలో పుట్టి, డెబ్బై తొమ్మిదేళ్లు ఆ గదిలోనే ఉన్నాడు. సిటీ బస్సులో ముప్పై మూడేళ్లు కండక్టరు. ఆయన తరువాతి స్టాపు పేరు అరిస్తే పక్క బస్సులో ఉన్నవాళ్లు కూడా దిగడానికి లేచేవారని చెప్పుకుంటారు. భార్య పోయి పన్నెండేళ్లయింది, పిల్లలు లేరు. ఈ ఏడు చలి మొదలయ్యే ముందు వార్డు ఆఫీసువాళ్లు ఆయన ఉన్న వరుస గదులన్నీ వెనక్కి తీసుకుని, బదులుగా ఊరి దక్షిణపు చివర కొత్త ఫ్లాటు ఇచ్చారు. పదిహేడో అంతస్తు. లిఫ్టు ఉంది, గదులన్నిటికీ వెచ్చటి గొట్టాలు ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లోనే మరుగుదొడ్డి ఉంది. అతిథుల కోసం మేము పెట్టించిన ఒక్క గదిలో తప్ప మా సందులో ఎవరింట్లోనూ అది లేదు. సందు మధ్యలో అందరికీ కలిపి ఒకటే, మగవాళ్లకి ఒక పక్క, ఆడవాళ్లకి ఒక పక్క. మాఘమాసపు చలిలోనైనా పైజామా మీద కోటు తగిలించుకుని, కాగితం చుట్ట చేత్తో పట్టుకుని అక్కడికే నడవాలి.

"అదృష్టమంటే నీది పెదనాన్నా! ఇక చలిలో పరుగులు పెట్టక్కర్లేదు. మంచం మీంచి లేచి నాలుగడుగులేస్తే చాలు, రాజభోగం!" అన్నాను.

"రాజభోగమేనమ్మాయ్," అన్నాడు ఆయన.

సందులో అందరం ఆయన్ని ఇలాగే అభినందించాం. సంతకం పెట్టాలా వద్దా అని ఆయన ఒక నెల ఊగిసలాడితే, పెట్టు పెట్టు అని తోసింది కూడా మేమే. మనిషి మంచి కోరి తొయ్యడం మాకు బాగా అలవాటు.

వెళ్లేరోజు సామాను వ్యాను ఎదురుగా సందు సందంతా పోగయింది. సందు మొదట్లో మంగలి దుకాణం నడిపే పాంగ్ వదిన ముందుగా అందుకుని, వారానికోసారైనా వచ్చి క్షవరం చేయించుకోమనీ, అలాగే భోజనం చేసి పొమ్మనీ మూడుసార్లు పిలిచింది. ఆయన మూడుసార్లూ వద్దన్నాడు. తరవాత వంతు నాది. నేను గెస్ట్‌హౌస్ నడిపేదాన్ని, నా పిలుపు మంగలి దుకాణం పిలుపు కన్నా చిన్నదిగా ఉంటే తల కొట్టేసినట్టుంటుంది.

"పెదనాన్నా, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వచ్చెయ్. ఉత్తరం గది నీదే అనుకో!"

"అబ్బే, నీకెందుకమ్మాయ్ శ్రమ."

"శ్రమేంటి? మేమేమన్నా పరాయివాళ్లమా? వారం ఉండు, పది రోజులుండు!"

"వద్దొద్దు. అది అతిథులొచ్చే గది."

"నీకన్నా అతిథులెవరు మాకు? రాకపోయావో, చూడు మరి!"

"సర్లే, చూద్దాంలే," అని ఆయన వ్యాను ఎక్కేశాడు. చూద్దాంలే అంటే మా దగ్గర రాను అని అర్థం. పిలవాల్సినట్టు పిలిచాను, వద్దనాల్సినట్టు వద్దన్నాడు. పాంగ్ వదిన ముఖం చిన్నబోయింది. నేను హాయిగా ఇంట్లోకి వెళ్లి, చలికాలానికి నిలవ పెట్టుకునే క్యాబేజీలు సర్దుకున్నాను.

పదకొండు రోజుల తరవాత, సోమవారం పొద్దున పది గంటలకి, గ్వాన్ పెదనాన్న మా గుమ్మంలో నిలబడ్డాడు. ఒక చేతిలో మడత ముక్కాలిపీట, ఇంకో చేతిలో మూత ఉన్న రేకు టీ మగ్గు, భుజాన బట్టల సంచి.

"వచ్చానమ్మాయ్."

"రా పెదనాన్నా, రా! ఇలా వచ్చావేంటి?"

"పిలిచావు కదా," అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. "మూడుసార్లు."

ఇప్పుడు నా పరిస్థితి చెప్పాలి. బయట చూస్తే నేనొక లోగిలికి యజమానురాలిని. మధ్యలో వాకిలి, నాలుగు వైపులా ఐదు గదులు, గుమ్మానికి ఎర్ర లాంతర్లు. లోపల చూస్తే ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. పక్క సందులో కాఫీ మెషీన్లు పెట్టుకుని రెండు కొత్త గెస్ట్‌హౌసులు వెలిశాక మా వైపు తిరిగి చూసేవాళ్లే కరువయ్యారు. ఈ చలికాలం కూడా ఇలాగే గడిస్తే కొత్త సంవత్సరం పండగ తరవాత గుమ్మానికి తాళం పెట్టి, మా ఆడపడుచు టైర్ల షాపు మీద గదిలో సర్దుకోవాలని నేనూ మా ఆయన బావోలినూ అనుకున్నాం. ఆడపడుచు ఎలాంటిదో చెప్పను, టైర్ల వాసనైనా భరించవచ్చు.

అలాంటి సమయంలో షాంఘై నుంచి ఒక పత్రికావిడ ఫోను చేసింది. నెలకో చిన్న గెస్ట్‌హౌస్ గురించి రాస్తుందట. ఆవిడ రాస్తే ఏడాది పాటు గదులు ఖాళీ ఉండవని అందరికీ తెలుసు. శనివారం మధ్యాహ్నం వస్తాననీ, రెండు రోజులుంటాననీ, ఫొటోలో చూసిన ఉత్తరం గదే కావాలనీ, ఇంకేది ఇచ్చినా తిరిగి వెళ్లిపోతాననీ చెప్పింది. ఉత్తరం గది మా ఇంటికి తలమానికం. తలుపు దక్షిణానికి తిరిగి ఉంటుంది కాబట్టి ఎండ పడేది అందులోనే. సందు మొత్తం మీద గదిలోనే మరుగుదొడ్డి ఉన్నది అందులోనే, అది కూడా కూర్చుంటే కింద వెచ్చగా ఉండే రకం.

ఆ గదిలో సోమవారం పొద్దున గ్వాన్ పెదనాన్న ముక్కాలిపీట వేసుకున్నాడు. అది నీదే అనుకో అన్నది నేనే. ఆయనకి వేరే గది ఇస్తే సందులో తలెత్తుకోలేను. ఉండనిస్తే పండగ తరవాత టైర్ల వాసన. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

అదీ చాలక, మొదటిరోజే నేనొక పొరపాటు చేశాను. అలవాటు ప్రకారం మధ్యాహ్నం నూడుల్స్ పెట్టాను. మా ఉత్తరాది ఇళ్లలో వచ్చినవాళ్లకి నూడుల్స్, వెళ్లేవాళ్లకి కుడుములు. నూడుల్స్ పెట్టామంటే కాళ్లు చాపుకుని కూర్చోమని. గిన్నె ముందు పెట్టేశాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయన రెండు గిన్నెలు తిని, నిజంగానే కాళ్లు చాపాడు.

"ఎన్నాళ్లుంటాడో అడుగు," అన్నాడు బావోలిన్ వంటింట్లో.

"నువ్వడుగు."

"పిలిచింది నువ్వు యూచిన్."

"పిలవకపోతే ఊరుకునేవాడివా? ఏమే, పెద్దాయన వెళ్లిపోతుంటే ఒక్క మాటైనా అనలేదేం అని నువ్వే సతాయించేవాడివి."

వచ్చిన మనిషిని ఎన్నాళ్లుంటావని అడగడం మా ఇంటావంటా లేదు. కాని అడక్కుండా పంపడానికి మావాళ్లు ఎప్పుడో దారులు వేసి పెట్టారు. మద్యం నిండా పోస్తే గౌరవం, టీ నిండా పోస్తే వెళ్లిరమ్మని. మంగళవారం పొద్దున ఆయన మగ్గులో అంచు దాకా టీ పోశాను. అంచు దాకా అంటే, పైన ఇంకో చుక్క పడితే బల్ల తడిసేంత. టీ కూజా మూతి కూడా ఆయన వైపే తిప్పి పెట్టాను, అదీ పొమ్మనడమే.

ఆయన మగ్గుని చూశాడు, నన్ను చూశాడు. వంగి, ఎత్తకుండానే మూతి పెట్టి జుర్రుమని లాగాడు.

"చెయ్యి వణుకుతోందా అమ్మాయ్? వయసు మీద పడుతోంది, జాగ్రత్త," అన్నాడు.

బుధవారం కుడుములు వండాను. ఇక అంతకన్నా గట్టిగా చెప్పేది ఏమీ లేదు. పంది మాంసం, ఉల్లికాడలు కూరి, పొద్దున్నుంచీ నడుం విరిగేలా వంద కుడుములు చేశాను. కుడుములు పెట్టాక ఇంకా కూర్చున్న అతిథిని మా అమ్మమ్మ కాలం నుంచి ఎవరూ చూడలేదు. ఆయన ముప్పై రెండు తిన్నాడు. నేను లెక్కపెట్టాను, ఎందుకంటే ఒక్కొక్కటి నోట్లోకి వెళ్తున్నప్పుడల్లా ఇప్పుడైనా అర్థమవుతుందేమోనని ముఖంలోకి చూస్తున్నాను.

"లోపల కూరింది బాగుంది. వెల్లుల్లి నూరావా, వెనిగరులో? శభాష్. రేపు సోంపు ఆకుతో చేస్తావా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. కాని ఆ శంఖం ఇంకో చెవికి వినపడింది. తూర్పు గదిలో షాన్‌డాంగ్ నుంచి వచ్చిన నీటి పంపుల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. పద్ధతైన మనిషి, వచ్చే బుధవారం దాకా ఉంటానన్నాడు, ఆ వారంలో మాకున్న ఒకే ఒక్క నిజమైన అతిథి. బల్ల మీద కుడుములు ఉన్నాయి కదా అని ఆయనకీ ఒక పళ్లెం పెట్టాను. ఆయన నాలుగు తిని, చాప్‌స్టిక్స్ కింద పెట్టి, ముఖం ఎర్రగా చేసుకుని గదిలోకి వెళ్లాడు. పావుగంటలో పెట్టెతో బయటికి వచ్చాడు.

"అయ్యో, వెళ్లిపోతున్నారేంటి?"

"ఏదన్నా పొరపాటుంటే క్షమించండి యజమానురాలా. నిన్న స్నానాల గదిలో నీళ్లు ఎక్కువ వాడాను, నాకే అనిపించింది," అని రెండుసార్లు వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు. నేను ఆయన వెనకే గుమ్మం దాకా పరిగెత్తి మూడుసార్లు ఉండమన్నాను. మూడుసార్లూ వద్దన్నాడు. చెప్పానుగా, పద్ధతైన మనిషి.

వెళ్లాల్సినవాడు వాకిట్లో పళ్లు కుట్టుకుంటున్నాడు, ఉండాల్సినవాడు రైలెక్కాడు. ఆ మధ్యాహ్నం నాకు ఏడుపొచ్చింది. వంటింట్లో క్యాబేజీలు నరుకుతూ ఏడ్చాను, ఉల్లికాడల ఘాటు అని బావోలిన్‌తో అబద్ధమాడాను.

గురువారం పెదనాన్న కూర్చున్నచోట చీపురు పట్టి ఊడ్చాను. మనిషి ఉండగా ఊడిస్తే లేచి పొమ్మని. ఆయన రెండు కాళ్లూ పైకెత్తి, ఊడ్చాక మళ్లీ కింద పెట్టి, "ఆ మూల వదిలేశావు," అన్నాడు. ఇక లాభం లేదని బావోలిన్‌ని పంపాను. మగవాళ్లు మగవాళ్లు, సూటిగా మాట్లాడుకుంటారని. ఇద్దరూ వాకిట్లో ఎండలో చదరంగం పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తే బావోలిన్ తల ఊపుతున్నాడు, పెదనాన్న తల ఊపుతున్నాడు. పని అయినట్టే ఉంది.

"చెప్పావా?"

"మాట్లాడాను."

"ఏమన్నాడు?"

బావోలిన్ చెవి వెనక గోక్కున్నాడు. "ఎన్నాళ్లని నీ దగ్గరుంటాను, మీకు ఇబ్బంది కదా అన్నాడు."

"అబ్బ! మరి నువ్వేమన్నావు?"

"ఇబ్బందేంటి, పండగ దాకా ఉండు అన్నాను."

"ఏమన్నావ్?"

"అలా అడిగితే ఇంకేం అంటారే? నువ్వైతే ఏమనేదానివి?"

నేనైతే వసంతం దాకా ఉండమనేదాన్ని. అందుకే నోరు మూసుకున్నాను. ఆ రోజు మూడు ఆటలూ బావోలినే ఓడిపోయాడని తరవాత తెలిసింది.

శుక్రవారం పొద్దున ఆరింటికి, రాత్రి మంచుకి క్యాబేజీల మీద కప్పిన దుప్పటి జారిపోయిందేమో చూద్దామని వాకిట్లోకి వచ్చాను. ఉత్తరం గది తలుపు తెరుచుకుంది. పెదనాన్న పైజామా మీద కోటు వేసుకుని, కాగితం చుట్ట పట్టుకుని, సందులోకి నడిచాడు. మరుగుదొడ్డి వైపు.

నాకు ఒళ్లు మండిపోయింది. గదిలో వెచ్చటి పీఠం ఉంది, మీట నొక్కితే నీళ్లు అవే వస్తాయి, దాన్ని పెట్టించడానికి వాకిలంతా తవ్వించాం. అది వదిలేసి, మధ్య గోడలైనా లేని వరుస గుంటల దగ్గరికి, గజగజ వణుకుతూ. అంటే నా గదిలో లోపమేదో ఉన్నట్టేగా! ఈ మాట శనివారం లోపు సందులో పాకితే? ఇవాళ అడిగి తీరాల్సిందే అనుకుని వెనకే వెళ్లి బయట గోడ దగ్గర నిలబడ్డాను.

గోడ అవతలి నుంచి కండక్టరు గొంతు ఖంగున వినిపించింది.

"తిన్నావా?"

"తిన్నా. నువ్వు తిన్నావా పెదనాన్నా?"

"ఇంకా లేదు. నీ పిత్తాశయం ఎలా ఉంది?"

"రాయి అలాగే ఉంది. ఆపరేషన్ అంటున్నారు."

"చేయించుకో. భయమైతే నేనొచ్చి కూర్చుంటా. ఎవరది, చివర? మెకానిక్కేనా? మీ పిల్లి దొరికిందా?"

అక్కడ కూర్చుని తిన్నావా అని పలకరించుకోవడం మాలాంటివాళ్లకే చెల్లింది. ఒకరు వెళ్తే ఇంకొకరు వస్తున్నారు, ప్రతివాళ్లూ ఒక వార్త ఇచ్చి ఒక వార్త పట్టుకెళ్తున్నారు. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి పైకప్పు కారుతోందో, క్యాబేజీ ఏ బండి దగ్గర మంచిదో. చలిలో నా వేళ్లు కొయ్యబారిపోయాయి. నలభై నిమిషాల తరవాత ఆయన మోకాళ్లు రుద్దుకుంటూ బయటికి వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది.

"పెదనాన్నా, గదిలో అంత మంచిది పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చావు? నీళ్లు రావట్లేదా?"

"వస్తున్నాయమ్మాయ్. వెచ్చగా కూడా ఉంది, గుడ్ల మీద కోడిలా కూర్చోవచ్చు. కాని అందులో ఎవరున్నారు?"

"దొడ్లో ఎవరుంటారు!"

"నేను అనేదీ అదే."

కాగితం చుట్ట కోటు జేబులో కుక్కుకుని ఆయన గోడకి ఆనుకున్నాడు.

"అక్కడ పదకొండు రోజులున్నా. ఇంట్లోనే దొడ్డి, ఇంట్లోనే వేడి, చెత్త కూడా అంతస్తులోనే వెయ్యొచ్చు. గడప దాటే పనే లేదు. మూడో రోజు లిఫ్టులో ఒకమ్మాయి కనిపిస్తే తిన్నావా అమ్మా అనడిగా. ఫోను గట్టిగా పట్టుకుని మూలకి జరిగింది. సాయంత్రం కింద కాపలావాడొచ్చి, తాతా, ఆడవాళ్లని పలకరించకు, ఫిర్యాదొచ్చింది అన్నాడు. పాపం మంచివాడే, మెల్లిగానే చెప్పాడు."

నేను కొయ్యబారిన వేళ్లు కోటు జేబుల్లో దూర్చుకున్నాను.

"ఎనిమిదో రోజు, అసలు నాకు గొంతుందో లేదో చూద్దామని వంటింట్లో నిలబడి నా బస్సు రూటు మొత్తం చెప్పుకున్నా. మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా, డ్యూటీలో ఉన్నట్టే గట్టిగా. ఏడో స్టాపు దగ్గర కింది ఇంటివాళ్లు చీపురుతో కప్పు మీద కొట్టారు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రాజభోగం అన్నది నేను. సంతకం పెట్టు పెట్టు అని తోసినవాళ్లలో అందరికన్నా ముందున్నది నేను. ఇంత బతుకు బతికిన మనిషి నోరు విప్పి పలకరించినందుకు ఫిర్యాదు పాలయ్యాడు.

"నీ గది కోసం రాలేదమ్మాయ్. దీనికోసం వచ్చా," అన్నాడు మరుగుదొడ్డి గోడని అరిచేత్తో తడుతూ. "రేపు షాంఘై ఆవిడ పన్నెండింటికి వస్తుందిగా. పొద్దున్నే ఖాళీ చేస్తా."

"నీకెలా తెలుసు?"

"మీ గుమ్మం దగ్గర బోర్డు మీద ఉంది. ఉత్తరం గది, శనివారం పన్నెండు గంటలు, షాంఘై పత్రిక అని. సోమవారం లోపలికి వస్తూనే చూశా. సరే, శనివారం దాకా ఖాళీయే కదా అని సంచి దించా."

"మరి కుడుములు పెడితే?"

"పెడితే తినొద్దా? శనివారం దాకా ఉందామనుకున్నవాణ్ణి, బుధవారమే పొమ్మంటే ఎలా పోతా? పాపం ఆ పంపులాయనే అన్యాయమైపోయాడు."

"టీ..." అన్నాను.

"నిండా పోశావు. ఎందుకు పోశావో నాకు తెలీదా? ఈ సందులో నీకన్నా ఇరవయ్యారేళ్లు ముందు పుట్టినవాణ్ణి. అలాగే ఆ రోజు వ్యాను దగ్గర నువ్వు పిలిచింది కూడా ఎందుకో తెలుసు. కాని ఏం చెయ్యను? అబద్ధపు పిలుపులు పాతిక వచ్చాయి, నిజం పిలుపు ఒక్కటీ రాలేదు. ఉన్నవాటిలో నీదే కాస్త పెద్దదిగా ఉంది."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అప్పుడు అనుకున్నాను, ఇది దిద్దుకోవాలని. వంటింటి పక్కన మేము దుప్పట్లు పెట్టుకునే చిన్న గది ఉంది. పొయ్యి గోడ పక్కనే కాబట్టి వెచ్చగా ఉంటుంది. ఒక మంచం పడుతుంది, ఒక ముక్కాలిపీట పడుతుంది. ఆ గదికి షాంఘైతో పని లేదు, ఎవరితోనూ పని లేదు.

"పెదనాన్నా, చిన్నగది ఉంది కదా, దుప్పట్లది. అది సర్దేస్తా. అందులో ఉండు. ఈ చలికాలమంతా ఉండు."

"శ్రమెందుకమ్మాయ్."

"శ్రమ కాదు. నిజంగా చెప్తున్నా."

"వద్దొద్దు."

"అబ్బా, మర్యాదకి కాదు పెదనాన్నా, నీ మీద ప్రేమకొద్దీ అంటున్నా!"

"సర్లే, చూద్దాంలే," అన్నాడు ఆయన, ఎంతో ఆప్యాయంగా.

నా నోట్లోంచి వచ్చే ప్రతి మాటకీ ఆయన దగ్గర ఒక జవాబు తయారుగా ఉంది. నేను కొత్తగా ఏం అన్నానని? నిజంగా అన్నాను. మేము పెళ్లిళ్లలోనూ, చావుల్లోనూ, కూరగాయల బండి దగ్గరా రోజుకి పదిసార్లు నిజంగా అంటాం. ప్రేమ అన్నాను. దాన్నీ వాడి వాడి అరగదీశాం.

"ఒక్క సాయం చెయ్యి," అన్నాడు ఆయన నడుస్తూ. "రేపు నేను వెళ్లేటప్పుడు గుమ్మంలో నలుగురి ముందు గట్టిగా పిలువు. మూడుసార్లు. నేను వద్దంటా. లేకపోతే పత్రికావిడ వస్తోందని ముసలాణ్ణి తరిమేసిందంటారు. వ్యాపారం చేసుకునేదానివి, ఆ మాట పడకూడదు."

నా పరువు గురించి ఆయన ఆలోచిస్తున్నాడు. అయిదు రోజులు ఆయన్ని ఎలా వదిలించుకోవాలా అని నేను ఆలోచించాను.

ఆ మధ్యాహ్నం నేనూ బావోలినూ చిన్నగదిలో దుప్పట్లన్నీ తీసి మా మంచం కిందకి తోశాం. అటక మీది ఇనప మంచం దించాం. కొత్త పరుపు లేదు, మాదే ఒకటి వేశాం.

"వస్తాడంటావా?" అన్నాడు బావోలిన్.

"నిజంగా పిలుస్తున్నానని చెప్పాను."

"ఎలా చెప్పావు?"

"నిజంగా అని."

"అది మనం రోజూ అనేదేగా," అన్నాడు. ఏడాదికొక్కసారి మా ఆయన సరైన మాట అంటాడు, ఈ ఏడాది మాట అయిపోయింది.

శనివారం ఎనిమిదింటికి పెదనాన్న సంచి భుజాన వేసుకుని, ముక్కాలిపీట చంకలో పెట్టుకుని గుమ్మం దాటాడు. సందులో అప్పుడే కూరగాయల సంచులతో తిరిగి వస్తున్నవాళ్లు, పళ్లు తోముకుంటున్నవాళ్లు, మరుగుదొడ్డి నుంచి వస్తున్నవాళ్లు ఆగి నిలబడ్డారు. పాంగ్ వదిన కత్తెర చేత్తో పట్టుకునే దుకాణంలోంచి వచ్చింది. సగం క్షవరమైన మనిషి కూడా ఆమె వెనకే మెడకి గుడ్డతో వచ్చాడు.

ఆయన నా వైపు చూసి కనుబొమలెత్తాడు. ఇక కానియ్ అన్నట్టు.

"పెదనాన్నా, అప్పుడే వెళ్లడమేంటి? ఇంకో వారం ఉండు!"

"అయిదు రోజులున్నా, చాల్లేమ్మా. మహారాజులా చూసుకున్నావు."

"ఏం చేశామని? ఉండు పెదనాన్నా, నీ ఇల్లే కదా!"

"వద్దొద్దు. నీ పనులు నీకుంటాయి."

"నీకన్నా పనులేంటి మాకు? నువ్వుంటే మాకే సందడి!"

"సర్లే, చూద్దాంలే," అన్నాడు గట్టిగా, సందు చివరిదాకా వినపడేలా.

జనం తలలూపారు. పద్ధతి ప్రకారం అయిపోయింది. కూరగాయల సంచులు మళ్లీ పైకి లేచాయి. ఆయన సందు మొదలు వైపు రెండడుగులు వేశాడు.

"పెదనాన్నా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చూద్దాం కాదు. చిన్నగది ఖాళీ చేశాను. మంచం వేశాను, మా పరుపు పరిచాను. నువ్వు అక్కడికి వెళ్లొద్దు. రా."

సందులో చప్పుడు ఆగిపోయింది. మా దగ్గర నాలుగో పిలుపు లేదు. దానికి జవాబు ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ముప్పై మూడేళ్లు మాటలే వృత్తిగా బతికిన మనిషి నోరు తెరిచి, ఏమీ దొరకక మూశాడు. భుజం మీది సంచి జారి మోచేతి దగ్గరికి వచ్చింది, ఆయన దాన్ని సర్దుకోలేదు, నేల మీదికి జారనిచ్చాడు. నన్ను చూశాడు, మా గుమ్మాన్ని చూశాడు. ఆయన కుడికాలు గుమ్మం వైపు తిరిగింది. నేను చూశాను. ఆయన వస్తున్నాడు.

"అబ్బో యూచిన్!" అని పాంగ్ వదిన కత్తెర ఆడిస్తూ పకపకా నవ్వింది. "చాల్లేవే, మూడు సరిపోతాయి! ఇంకాస్త పిలిస్తే పెద్దాయన పాపం నిజమే అనుకుంటాడు!"

సందంతా గొల్లుమంది. సగం క్షవరమైన మనిషి మెడమీది గుడ్డతో కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. పెదనాన్న ఒక్క క్షణం ఆగి, అందరికన్నా గట్టిగా, ఆ కండక్టరు గొంతుతో నవ్వాడు. నవ్వుతూనే వంగి సంచి ఎత్తుకున్నాడు.

"గడుసుది!" అన్నాడు వాళ్లతో, నన్ను వేలితో చూపిస్తూ. "నన్నే బోల్తా కొట్టించబోయింది!"

అందరూ నా వైపు తిరిగారు. నేనూ నవ్వాను.